ఋతువు పెట్టిన ముహూర్తము

నెల్లూరు సీమలో పెండ్లిమాట కుదిరిన యింట రెండు పుస్తకములు తెరచుకొనును. ఒకటి పురోహితుని చేతిలోని పంచాంగము. రెండవది ఇంటి పెద్ద తలయెత్తి చూచు ఆకాశము. పంచాంగము తిథివార నక్షత్రములను చెప్పును; ఆకాశము ఎండను, వానను, గాలిని చెప్పును. రెండును ఒక్కమాటయే చెప్పిన నాడు వాకిట పందిరి గుంజలు లేచును. వేర్వేరు మాటలు చెప్పిన నాడు అరుగుమీద చర్చ ప్రొద్దుపోవువరకు సాగును.

అట్టి యొక అరుగును ఊహింపవచ్చును. ఇందుకూరుపేట ప్రాంతము, సముద్రము రెండు మూడు క్రోసుల దూరము, వరిపొలము గల ఒక సామాన్య గృహస్థు ఇల్లు. కుమార్తె ఉపాధ్యాయ శిక్షణ ముగించినది. వరుడు బెంగుళూరున ఉద్యోగి. అయ్యవారు పంచాంగము చూచి కార్తీకమున ఒకటి, మాఘమున ఒకటి, వైశాఖమున ఒకటి, మూడు ముహూర్తములు వినిపించినారు. వరుని వారు కార్తీకమే కావలెననుచున్నారు. పెండ్లి ఏర్పాట్లు గుత్తకు చేయు పట్టణపు సంస్థ యొకటి అప్పుడే తన ఆల్బమును పంపినది. అందు ‘శరత్కాలపు థీమ్’ అని యొక పుట: దూదిమబ్బులు, రెల్లుపూలు, వెన్నెలరంగు తెరలు, ఆరుబయట భోజనపు బల్లలు. వైశాఖమునకు పచ్చని పుట, మాఘమునకు పసుపుపచ్చని పుట. తండ్రి పుటలు త్రిప్పుచున్నాడు. అవ్వ కేవలము మనవరాలి జడకు మల్లెలుండవలెనని మాత్రము చెప్పి ఊరకున్నది. తల్లి అడిగిన ప్రశ్న యొక్కటియే: “కార్తీకంలో పందిరి నిలుస్తుందా?”

ఋతువునుబట్టి పెండ్లికి ఒక రూపమేర్పరచుటను నేడు పట్టణములలో ‘థీమ్’ అనుచున్నారు. మాట క్రొత్తది గాని పని క్రొత్తది కాదు. మామిడాకు తోరణము, తాటాకు పందిరి, అరటిబోదెలు, ఆ నెలలో పూచిన పూలు, ఆ నెలలో కాచిన కాయలు, వీనితోనే పూర్వులు పెండ్లి చేసిరి. వారికి వేరొక మార్గము లేదు. నేటివారికి ఎన్నుకొను స్వేచ్ఛ కలదు. కాని ఆల్బములోని ఋతువు ఒక రంగు మాత్రమే. తీరములోని ఋతువు రంగే కాక నీరు, గాలి, పంట, పని, అప్పు కూడ అగును. ఆ తల్లి ప్రశ్న ఈ రెండింటి నడుమ నున్నది.

పుస్తకములోని ఋతువులు, తీరములోని ఋతువులు

ఋతువులారని బడిపిల్లలు వల్లింతురు. చైత్ర వైశాఖములు వసంతము, జ్యేష్ఠాషాఢములు గ్రీష్మము, శ్రావణ భాద్రపదములు వర్షర్తువు, ఆశ్వయుజ కార్తీకములు శరత్తు, మార్గశిర పుష్యములు హేమంతము, మాఘ ఫాల్గుణములు శిశిరము. కాళిదాసు ఋతుసంహారమున వర్ణించినవి ఈ ఆరే. ఉత్తర దేశమున ఈ విభాగము ప్రకృతికి చాలవరకు సరిపోవును. అచ్చట నైరుతి ఋతుపవనము శ్రావణ భాద్రపదములందు కురిసి, శరత్తు నాటికి ఆకాశమును కడిగిన అద్దమువలె విడిచిపోవును.

నెల్లూరు తీరమున ఈ లెక్క తారుమారగును. నైరుతి గాలులు తమ నీటిలో పెద్దపాలు పడమటి కనుమల కిచ్చివేసి, తూర్పునకు వచ్చునప్పటికి తేలికపడును. అక్టోబరు మధ్యభాగమున గాలి దిక్కు మారి, ఈశాన్యమునుండి బంగాళాఖాతము మీదుగా వీచినప్పుడు గాని ఈ సీమకు నిజమైన వాన రాదు. ఏటి వర్షపాతములో సగమునకు మించిన భాగము అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే పడును. కావ్యములలో వెన్నెల కురియు కార్తీకమున నెల్లూరున జడివాన కురియును. విరాటపర్వమును పారాయణము చేసిన వానలు పడునని తెలుగునాట ఒక నమ్మకము కలదు. ఉత్తరాభిమన్యుల వివాహముతో ముగియు ఆ పర్వమును తెలుగు చేసిన తిక్కన సోమయాజి నెల్లూరివాడే. కార్తీకమున మాత్రము ఆయన ఊరివారికి ఆ పారాయణముతో పనిలేదు.

మరి పంచాంగము ఋతువును పట్టించుకొనదా? పట్టించుకొనును. పండ్రెండు చాంద్రమాసములు కలిసి 354 దినములు. సూర్యుని లెక్కకు ఇది సుమారు 11 దినములు తక్కువ. ఈ లోటును అట్లే విడిచినచో మాఘమాసము కొన్నేండ్లకు నడివేసవిలోనికి జారిపోవును. అందుచే రమారమి 32, 33 నెలల కొకసారి, అనగా 19 ఏండ్లకు 7 పర్యాయములు, అధికమాసమును చేర్చి లెక్క సరిచేయుదురు. 2023లో శ్రావణము అధికమాసము, 2026లో జ్యేష్ఠము. అధికమాసమున పెండ్లిండ్లు చేయరు. ఆ నెల లేకున్నచో పెండ్లినెలలు ఋతువులను విడిచి తిరుగును.

అట్లు తిరుగు పంచాంగమును నెల్లూరు పట్టణముననే చూడవచ్చును. హిజరీ సంవత్సరమునకు అధికమాసము లేదు. కనుక మొహర్రము నెల ఏటికి సుమారు 11 దినములు ముందునకు జరుగుచు, దాదాపు 33 ఏండ్లలో అన్ని ఋతువులను చుట్టివచ్చును. ఆ నెలలోనే స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీదు దర్గా చెంత, రొట్టెల పండుగ జరుగును. కోరిక గలవారు అది తీరినవారి చేతినుండి రొట్టె నందుకొందురు. తీరినవారు మరుసటి యేడు వచ్చి మరియొకరికి రొట్టె నిత్తురు. అందు పెండ్లిరొట్టె యొకటి. హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు ఒకే నీటిలో నిలిచి దానిని మార్చుకొందురు. ఆ పండుగ ఒకయేడు వానలో వచ్చును, ఒకయేడు ఎండలో వచ్చును. పెండ్లి కావలెనను కోరిక మాత్రము ఏ ఋతువునందైనను ఒక్కటియే.

పంచాంగమునకు నియమములు ఇంకను కలవు. ఆషాఢ, భాద్రపద, పుష్యములను పెండ్లికి సాధారణముగ విడుతురు. గురు శుక్రులు సూర్యునికి చేరువై కంటికి కానరాని కాలమును మూఢమందురు; అప్పుడును ముహూర్తములు లేవు. 2024 మే నెలలో ఆ రెండు గ్రహములును ఒక్కమారే సూర్యకాంతిలో మరుగుపడుటచే వేసవి పెండ్లిండ్లు నిలిచిపోయినవి. ఇన్ని జల్లెడలలో దిగి మిగిలిన దినమే ముహూర్తము. పంచాంగము అనుమతి నిచ్చును. ఆ దినమున వాన పడునో పడదో అది చెప్పదు. ఆ భాగము గృహస్థుదే.

మాఘము

సంక్రాంతి గడచి పుష్యము ముగియునప్పటికి తీరమున ఈశాన్యపు వానలు వెనుదిరిగి యుండును. చెరువులు నిండుగ నుండును. పెన్న కాలువల క్రింద వరి ఈని, బంగారువన్నె తిరిగి, ఫాల్గుణము లోపల కోతకు వచ్చును. ధాన్యపు రాశి కంటికి కనబడు కాలమిది. పైరు చేతికి రానున్నదన్న ధైర్యముతో చేయు పెండ్లికిని, నాట్లకు పెట్టుబడి పెట్టి చేయి ఖాళీయైన నాడు చేయు పెండ్లికిని భేదము కలదు. మొదటిదాని ఖర్చు కొంతవరకు కల్లమునుండి వచ్చును. రెండవదాని ఖర్చు వడ్డీవ్యాపారి పెట్టెనుండి వచ్చును.

పెండ్లివంటలో తెలియవలసిన సూక్ష్మమొకటి కలదు. క్రొత్తబియ్యము వండిన అన్నము ముద్దకట్టును. విందునకు ఏడాది నిలువయున్న పాతబియ్యమే కావలెను. నెల్లూరు మొలగొలుకుల పేరు దేశమంతట వ్యాపించిన దినములలోను, వంగడములు మారిన నేటికిని ఈ మాట మారలేదు. అందుచే కూతురు పెండ్లి తలపెట్టిన రైతు నిరుటి బియ్యమును ముందే దాచియుంచును. క్రొత్తధాన్యమును అమ్మి పెండ్లి చేయును. పాతబియ్యమును వండి వడ్డించును.

మాఘమున పూచునవి చామంతి, బంతి. అవి రెండు దినములైనను వాడక నిలుచును. చలి పూర్తిగ పోదు కనుక ఉదయము వండిన వంట మధ్యాహ్నము వరకు చెడదు. వడగాలి లేదు, వృద్ధులు నిర్భయముగ ప్రయాణము చేయవచ్చును.

ఈ కాలమును ఎన్నుకొనుటలో మనుష్యులకు పక్షులు గురువులు. సూళ్లూరుపేట చేరువనున్న నేలపట్టు చెరువులో గూడబాతులు అక్టోబరు మొదలు వచ్చి, నీట నిలిచిన చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదరకముందే వెడలిపోవును. పులికాటు సరస్సులో ఎఱ్ఱకాళ్ల రాజహంసలు ఆ కాలముననే గుంపులు గుంపులుగ మేయుచుండును. ఈ పక్షులు వానకు ముందు వచ్చుట లేదు; నీరు నిండి చేపలు పెరుగు కాలమునకు వచ్చుచున్నవి. పిల్లలకు మేత దొరకునప్పుడే గూడు కట్టవలెనన్నది వాని పంచాంగము.

వైశాఖము

వైశాఖము వచ్చునప్పటికి అవ్వ కోరిన మల్లెలు గంపలతో వచ్చును. తాటిముంజలు దిగును. 2022లో నెల్లూరు జిల్లాలో చేరిన ఉలవపాడు తోటల మామిడి, పేరు చెప్పగనే నోరూరించును. తీరపు టిసుకలో పెరిగిన సరుగుడు వాసములు, తాటాకులు పందిరికి సిద్ధముగ నుండును. ఒకప్పుడు బకింగుహాము కాలువలో పడవలపై చెన్నపట్టణమునకు వంటచెరకై పోయిన సరుగుడు ఇదియే. తాటాకు పందిరి ఎండను ఆపును, గాలిని ఆపదు. రేకుల పందిరి వేడిని క్రిందికి దింపును. ఇనుప చట్రముపై గుడ్డ కప్పి, నలువైపుల తెరలు కట్టిన పందిరి గాలిని కూడ ఆపును. వైశాఖమున ఈ భేదము చుట్టములకు చెమటరూపమున తెలియును.

మధ్యాహ్నమునకు సముద్రపు గాలి రావలెను. ఎండకు నేల త్వరగ కాగును. నీరు నెమ్మదిగ కాగును. నేలపైని వేడిగాలి పైకి లేవగా, సముద్రముపైని చల్లనిగాలి ఆ చోటికి వచ్చును. కాని పడమటి వడగాలి బలముగ వీచిన దినమున అది సముద్రపు గాలిని గట్టుదాటనీయదు. ఆ దినము తీరమునకు క్రోసు దూరమున నున్న ఊరును ఉడికిపోవును. పూర్వులు వేసవి పెండ్లిండ్లకు రాత్రి లగ్నములను, తెల్లవారుజాము లగ్నములను ఇష్టపడుటకు ఇదియు నొక కారణమై యుండవచ్చును. బట్టలకు ఋతువు తెలియును. నూరవ నంబరు సన్ననూలుతో నేసిన వెంకటగిరి చీర ఈ సీమది. పట్టుచీరకు పీటలమీది గౌరవము దక్కినను, వడ్డనకు తిరుగు ఆడవారికి ఆ నూలుచీరయే ప్రాణము.

వైశాఖపు పెండ్లికి ఆకాశమున నొక ప్రత్యేకత కలదు. పెండ్లినాడు వధూవరులకు అరుంధతిని చూపుదురు. సప్తర్షిమండలపు తోకనడుమ వసిష్ఠుడు, అతని ప్రక్కన మినుకుమినుకుమను చిన్నతార అరుంధతి. వైశాఖ జ్యేష్ఠములందు రాత్రి తొలిజామున ఆ మండలము ఉత్తరాకాశమున ఎత్తుగ నిలుచును. వధూవరులు నిజముగనే ఆ తారను చూడవచ్చును. మాఘమున రాత్రి తొలిజాము గడచు వేళ గాని అది ఈశాన్యమున తలయెత్తదు. కార్తీకమున అర్ధరాత్రి దాటిన పిమ్మట గాని ఉదయింపదు. కార్తీకమున సాయంకాలము పురోహితుడు చూపినది మబ్బునైనను కాకపోయిన నమ్మకమునైనను కావలెను. ఉపాధ్యాయులు పిల్లలకు ఈ పాఠమును వేసవి రాత్రి మేడమీద చెప్పిన మరపురాదు.

బడులకు సెలవులు కనుక ఉపాధ్యాయ కుటుంబములకు, చదువుకొను పిల్లలకు వైశాఖము అనుకూలము. కాని ఈ అనుకూలమును సముద్రము పంచుకొనదు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రభుత్వము విధించిన విరామమిది. ఆ రెండు నెలలు పట్టపుపాళెములలో పడవలు ఒడ్డుననుండును, మగవారు ఇండ్లనుండును. పెండ్లికి మనుష్యులున్నారు, చేతిలో రాబడి లేదు. ప్రభుత్వమిచ్చు వేటవిరామ భృతి ఇల్లు గడుపుకొనుటకే గాని పందిరి వేయుటకు కాదు. మామిడికాయ వేసి వండు నెల్లూరు చేపల పులుసునకు మామిడి సమృద్ధిగ దొరకు కాలమున వంజరము వంటి సముద్రపు చేప ప్రియమగును. రైతుకు తీరిక యైన ఋతువు జాలరికి లేమి. ఒకే తీరమున ఒకే నెల రెండిండ్లలో రెండు విధములుగ నుండును. ‘వేసవి థీమ్’ అని వ్రాసిన పుటలో ఈ రెండవ యిల్లు కానరాదు.

కార్తీకము

ఇక తల్లి ప్రశ్నకు సమాధానము. కార్తీకము పుణ్యమాసము. దీపములు, ఉపవాసములు, ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు. ఉసిరికి ద్రావిడభాషలలో నెల్లి యని పేరు. ఆ చెట్టునుబట్టియే నెల్లూరను పేరు వచ్చెనని యొక కథ. వరియను అర్థముగల నెల్ శబ్దమునుండి వచ్చెనని మరియొక వాదము. కార్తీకమున ఈ రెండు వాదములును నిజమే అనిపించును. చెట్టు క్రింద విస్తళ్లు, చేలలో పచ్చని నాట్లు.

కాని ఆ నెల చరిత్రలో మరియొక వరుస కూడ కలదు. 1927 నవంబరు తొలిదినములలో నెల్లూరును తుపాను కొట్టెను. 1984 నవంబరు నడుమ శ్రీహరికోట వద్ద మరియొకటి తీరము దాటెను. 1989 నవంబరులో థాయిలాండు వైపు సముద్రమున పుట్టి, ఆ దేశమును దాటి, బంగాళాఖాతమంతయు నడిచివచ్చిన పెనుతుపాను కావలి చెంత ఒడ్డెక్కెను. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు వద్ద రైలుకట్టను కోసివేసెను, జాతీయ రహదారి తెగెను, రైళ్లు నిలిచినవి. 2023 డిసెంబరు 5న బాపట్ల చెంత తీరము దాటిన మిచాంగ్ తుపాను అంతకు ముందు నెల్లూరు తీరమును వానలో ముంచెను. పంచాంగమునుబట్టి చూచిన ఈ ఐదును కార్తీకమాసములోనే వచ్చినవి. 2021 వరద వచ్చిన నవంబరు 19 కార్తీక పూర్ణిమ.

అనగా కార్తీకమున ప్రతియేడును తుపాను వచ్చునని కాదు. వచ్చినచో ఆ నెలలో వచ్చుటకే అవకాశము మెండు. అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతపు నీరు ఇంకను వెచ్చగ నుండును. ఆ వేడియే వాయుగుండములకు ఆహారము. వానలేని కార్తీక శుభలగ్నములును ఎన్నో జరిగినవి. కాని ఒక పెండ్లికి దినము ఒక్కటియే. ఆ దినమున రైలు నిలిచిన, వాగు పొంగిన, వంటపొయ్యిలో నీరు నిలిచిన, మంగళసూత్రము కట్టుట ఆగకపోవచ్చును గాని ఏడాది కష్టము ఆ బురదలో కలియును. పైగ అది నాట్లు ముగిసిన కాలము. రైతు డబ్బు అప్పటికే విత్తనమై, ఎరువై, కూలియై మడిలో నున్నది. పెండ్లికి అప్పు తేవలెను. తుపాను వచ్చినచో అప్పు తెచ్చి చేసిన పెండ్లియు, అప్పు తీర్పవలసిన పైరును ఒక్కరాత్రియే తడిసిపోవును.

వాతావరణమునుబట్టి ముహూర్తము మార్చుట చిన్నతనము కాదని ఈ తీరమే చెప్పుచున్నది. శ్రీహరికోటనుండి మంగళయానమును 2013 అక్టోబరు 28న పంపవలెనని తొలుత నిర్ణయించిరి. దక్షిణ పసిఫిక్ సముద్రమున వాతావరణము బాగులేక, దానిని కనిపెట్టి యుండవలసిన ఓడ సకాలమున తన చోటు చేరలేదు. ప్రయోగమును నవంబరు 5నకు జరిపిరి. ఎక్కడో వేలమైళ్ల దూరముననున్న అలలను గౌరవించి అంగారకునికి పోవు నౌక వారము దినములు ఆగినది. మైపాడు అలలను గౌరవించి ఒక పెండ్లి మూడు నెలలు ఆగిన తప్పేమున్నది?

కొని తెచ్చిన ఋతువు

ఆల్బములోని శరత్తునకు వానలేదు. అది ఎక్కడినుండైనను తేబడును. పూలు చల్లనిబండిలో బెంగుళూరునుండి వచ్చును. మబ్బులు దూదితోను, చెట్లు ప్లాస్టికుతోను చేయబడును. తెల్లని థర్మోకోలు హంసలు, స్తంభములు నిన్నమొన్నటివరకు ప్రతి కల్యాణమండపమునను కనబడెడివి. అలంకరణ కొరకు థర్మోకోలు వాడుకను దేశమంతట 2022 జూలై 1 నుండి నిషేధించిరి. అది మట్టిలో కుళ్లదు. పొడిపొడియై కాలువలలో పడి, కాలువనుండి సముద్రమునకు పోవును. మామిడాకు తోరణము పదునైదు దినములకు ఎండి రాలును. రాలుట దానిలోని గుణమే గాని లోపము కాదు.

సముద్రపుటొడ్డున పెండ్లి చేయుట నేటి మరియొక వేడుక. మైపాడు వంటి తీరములందు సాయంకాలపు గాలి ఎవరికైనను మనసు లాగును. అచ్చటను అడుగవలసిన ప్రశ్న ఋతువుదే. జనవరి మొదలు వేసవి ప్రారంభమువరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ తూర్పుతీరపు ఇసుకనెక్కి గ్రుడ్లు పెట్టును. ఏడెనిమిది వారములకు పిల్లలు పైకి వచ్చి, వెలుగు ఎక్కువగ నున్న దిక్కునకు ప్రాకును. సహజముగ రాత్రి వెలుగు సముద్రముపై నుండును. ఒడ్డున పెద్దదీపములు వెలుగుచున్నచో అవి సముద్రమును విడిచి పందిరివైపు నడచును. తెల్లవారునప్పటికి కాకులకు, కుక్కలకు ఆహారమగును. మాఘ ఫాల్గుణములు పెండ్లికి ఎంత మంచివైనను, ఒడ్డున దీపాలంకారమునకు మంచివి కావు. అదే పెండ్లి ఊరిలోని వాకిట జరిగిన ఆ నష్టము లేదు. ఋతువు దినమునే కాదు, చోటును కూడ నిర్ణయించును.

ఇట్లు చూచిన, ఋతువు ననుసరించి పెండ్లి చేయుట యనగా ఆ ఋతువు ఇచ్చినదానిని అందుకొనుట, ఇవ్వనిదానిని విడుచుకొనుట. ఆల్బమున మొదటిభాగమే యుండును. రెండవభాగము గృహస్థుడు తానే వ్రాసికొనవలెను.

అరుగుమీది తీర్పు

మరల ఆ అరుగునకు వచ్చిన, చర్చ ఇంకను ముగియలేదు. వరునికి సెలవు కార్తీకమున సులభముగ దొరకును. మాఘమునకు పైవారిని అడుగవలెను. వైశాఖమునకు అందరికిని వీలే గాని అవ్వకు గుండెదడ, వడగాలికి తాళలేదు. తండ్రి వరునివారితో ఎట్లు చెప్పవలెనో తోచక కూర్చున్నాడు.

అంతవరకు గడపలో నిలిచియున్న కుమార్తె మెల్లగ అన్నది: “మాఘంలోనే పెట్టించండి నాయనా. కార్తీకంలో అయితే అప్పు చెయ్యాలి. ఆ సంగతి వాళ్లకు నేను చెప్తాను.”

అవ్వ తలయెత్తినది. “మాఘంలో మల్లెలు దొరకవే తల్లీ” అన్నది.

“చామంతులు పెట్టుకుంటాలే అవ్వా.”

శీతకాలమున మల్లెలు అసలే దొరకవని కాదు. దూరపు తోటలనుండి వచ్చును. బంగారమువలె తూచి అమ్ముదురు. ఆ వెల పెట్టుటకు తండ్రి సిద్ధపడినను కూతురు ఒప్పుకొనలేదు. ఆ సొమ్ముతో పందిరికి మరి నాలుగు తాటాకు మోపులు వచ్చునని, చుట్టములకు ఆపాటి నీడ చాలునని లెక్క చెప్పినది. శిక్షణ పొందిన ఉపాధ్యాయిని గదా, లెక్క తప్పలేదు.

వరునికి ఆమె ఏమి చెప్పెనో గాని, వారమునకు మాఘమున కొప్పుకొన్నట్లు కబురు వచ్చినది. ఆల్బము తిరిగి పట్టణమునకు పోయినది. నిరుటి బియ్యము మూటలు అటకమీద లెక్కకు వచ్చినవి. సరుగుడు వాసములకు ఇసుకపల్లె వైపు మాట చెప్పిరి. చామంతి నారు పోయుటకు పెరటిలో నాలుగు మళ్లు కట్టిరి.

ఆ మళ్ల ప్రక్కన బావిగట్టున అవ్వ తన చేతులతో ఒక మల్లెతీగకు పాదు చేసినది. అది పెండ్లినాటికి పూయదని ఆమెకు తెలియును. పెండ్లియైన నెల, నెలన్నరకు ఉగాది వచ్చును. తొలిపండుగకు మనవరాలు అల్లునితో పుట్టింటికి వచ్చును. ఆ నాటికి మొగ్గ తొడుగును.